చేతిలో ఒకటి

డెబ్బై నాలుగేళ్ల వయసులో లెక్కల మాస్టారు మళ్లీ రెండో తరగతిలో చేరారు. బడి ఇంట్లోనే. కిటికీ పక్కన కుర్చీ, ముందు ప్లాస్టిక్ గుడ్డ పరిచిన బల్ల, దాని మీద గళ్ల నోటుపుస్తకం, ఒక పెన్సిలు, ఒక రబ్బరు. టీచరు ఆయన కన్నకూతురే. ముప్పై ఏడేళ్లపాటు ఊరి పిల్లలందరి చేతా ఎక్కాలు కక్కించిన పెద్దమనిషి ఇప్పుడు ఎనిమిదీ ఐదూ ఎంత అంటే ఇంటి కప్పు వైపు చూస్తున్నారు.

ఆర్నెల్ల కిందట పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది, మాటతో పాటు అంకెలూ చెదిరిపోయాయి. చెయ్యి మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దన్నారు డాక్టర్లు. అంకెలు మాత్రం రోజూ సాధన చేయిస్తే చాలావరకు తిరిగొస్తాయని, వారానికి రెండుసార్లు మాట నేర్పడానికి వచ్చే థెరపీ అమ్మాయి ధైర్యం చెప్పింది.

"రోజుకి పది లెక్కలు చాలక్కా. కూడికలతో మొదలుపెట్టండి. మీరే దిద్ది పదికి ఎన్నొచ్చాయో పైన వెయ్యండి. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. తప్పు చేస్తే తప్పే వెయ్యాలి. పాపం పెద్దాయన కదా అని రైటు కొట్టారనుకోండి, ఆయన బుర్ర ఆ తప్పునే నేర్చుకుంటుంది."

"ఆ భయం పెట్టుకోకమ్మా. ఈ ఇంట్లో జాలి మార్కులు ఎప్పుడూ లేవు" అంది కూతురు.

థెరపీ అమ్మాయి నవ్వింది. హాస్యమాడుతోందనుకుంది.

మాస్టారికి మిగిలిన మాటలు నాలుగో ఐదో. వాటిలో గంట కొట్టినట్టు పలికేది ఒక్కటే, ‘తప్పు’. టీలో పంచదార తగ్గితే తప్పు. కిటికీ తలుపు సగమే తీస్తే తప్పు. అల్లుడు చెప్పులు అడ్డదిడ్డంగా విడిస్తే తప్పు. బతుకంతా అన్నిటికన్నా ఎక్కువ వాడిన మాట కాబట్టి అన్నీ పోయినా అది పోలేదు కాబోలు. అల్లుడు బస్సు డ్రైవరు, నవ్వుతూనే చురకలు వేసే మనిషి. "మీ నాన్నకి అన్నీ పోయినా బెత్తం మాత్రం మిగిలిందే" అన్నాడు ఒకరోజు.

ఆమెకి నలభై ఆరేళ్లు. కర్టెన్లు కుట్టే షాపులో ఇరవై ఎనిమిదేళ్లుగా గుడ్డ కత్తిరిస్తోంది. ఆ షాపులో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. ‘మూడు కొలతలక్క’ అంటారు. కిటికీ కొలత చీటీ మీద రాసే ఉంటుంది. వెడల్పుకి రెండింతలు గుడ్డ, పొడవుకి కింద మడతకి ఆరంగుళాలు, పైన కుచ్చులకి నాలుగు కలపాలి. ఆ కూడిక ఆమె చీటీ చూడగానే మనసులో చేసేస్తుంది, ఎప్పుడూ సరిగ్గానే చేస్తుంది. కానీ నమ్మదు. ఒకసారి కొలుస్తుంది, సుద్దతో గీత పెడుతుంది. మళ్లీ కొలుస్తుంది. మూడోసారి కూడా కొలిచిన తర్వాతే కత్తెర పట్టుకుంటుంది. ఇన్నేళ్లలో రెండో కొలత మొదటిదానికి తేడా వచ్చిన రోజు ఒక్కటీ లేదని షాపాయన పందెం కట్టి మరీ చెబుతాడు. "నీ చేతి మీద నాకున్న నమ్మకం నీకు లేదేంటక్కా" అంటాడు. ఆమె నవ్వేసి టేపు మళ్లీ పరుస్తుంది. ఇంట్లోనూ అంతే, గడియారం మూడుసార్లు చూస్తేగానీ ఈవిడకి ఆరు కాదని మొగుడి గోల.

దీనికి మందు లేదని ఆమెకి తెలుసు. ఈ జబ్బుకి ఓ తేదీ ఉంది. ఏడో తరగతి ఫలితాలు చెప్పిన రోజు.

ఆ బడిలో లెక్కలకి మాస్టారు ఒక్కరే. కాబట్టి కూతురి పేపరూ ఆయనే దిద్దారు, మార్కులూ ఆయనే చదివారు. క్లాసు మధ్యలో నిలబడి, మిగతా వాళ్లవి చదివిన గొంతుతోనే, "ముప్పై ఒకటి. ఫెయిలు" అన్నారు. ముప్పై అయిదొస్తే పాసు. పదమూడేళ్ల పిల్ల బెంచీ కింద చూపు దాచుకుంది. మర్నాడు హెడ్మాస్టరు బడి మొత్తాన్నీ వరసల్లో నిలబెట్టి, సొంత కూతుర్నే ఫెయిలు చేసిన మనిషిని మీరంతా కళ్లారా చూస్తున్నారని చప్పట్లు కొట్టించాడు. ఆ రోజు నుంచీ ఆయన న్యాయం మాస్టారు. నాలుగు మార్కులే కదా, కలిపితే ఏం పోయిందని తల్లి ఏడిస్తే, "దొంగ లెక్క వెయ్యమంటావా నన్ను?" అని ఒక్క కసురు కసిరారు. ఆ ఇల్లాలు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తర్వాత పదేళ్లకి పోయింది కూడా.

పిల్ల అదే తరగతిలో తనకన్నా చిన్నవాళ్ల మధ్య మళ్లీ కూర్చుంది. కానీ బోర్డు మీద అంకె కనబడితే చాలు, చేతులు చల్లబడిపోయేవి. సగం ఏడాది గడిచాక మాస్టారే మాన్పించేశారు. "దీనికి చెయ్యి మంచిదే, బుర్రే లేదు" అని కుట్టు నేర్చుకోవడానికి పంపారు.

అంతటితో అయిపోలేదు. మాస్టారు ఆ పేపరుని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచారు. మా వాడికి రెండు మార్కులు కలపండి మాస్టారూ అంటూ ఏ తండ్రో ఇంటికొస్తే, మారుమాట లేకుండా లేచి ఆ కవరు తెచ్చి ముందు పెట్టేవారు. "ఇది ఎవరి పేపరో తెలుసా? ఇప్పుడు మీకు మంచినీళ్లిచ్చిందే, ఆ పిల్లది." వచ్చినవాడు పేపరు పైన ఎర్రసిరాతో సున్నా చుట్టిన ముప్పై ఒకటి చూసేవాడు, తర్వాత గ్లాసు కోసం నిలబడ్డ పిల్లని చూసేవాడు, నోరు మూసుకుని లేచిపోయేవాడు. అలా ఎంతమందికి నీళ్లిచ్చిందో ఆమెకి గుర్తు లేదు. చూపులు మాత్రం గుర్తే.

మూడేళ్లు అలా నడిచింది. ఒకరోజు సరుకుల గోదాములో కాటా దగ్గర పనిచేసే గుమాస్తా వచ్చాడు, కొడుకు సంగతి మాట్లాడ్డానికి. అందరిలాగే ఆయన చేతికీ కవరు వెళ్లింది. ఆయన చాలాసేపు చూశాడు. మాస్టారి దగ్గరికి వంగి ఏదో గొణిగాడు. మాస్టారు కవరు లాగేసుకున్నారు. గుమాస్తా వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి వెళ్లాడు. ఎందుకు వేశాడో ఆమెకి అర్థం కాలేదు.

ఆ తర్వాత మాస్టారు ఇంక ఎవరికీ ఆ పేపరు చూపించలేదు. అదే వారంలో బజారుకెళ్లి ఆమెకో కత్తెర కొనుక్కొచ్చారు. మామూలుది కాదు, టైలర్లు ప్రాణంగా చూసుకునే బరువైన ఉక్కు కత్తెర. "ఇది ఉంచుకో" అన్నారు, మొహం చూడకుండా. ఆమెకప్పుడు పదహారేళ్లు. నాన్నకి నా మీద జాలి కలిగింది, అందుకే ఆ పేపరు దాచేశారు అనుకుంది. ఆ రోజు గదిలో కూర్చుని కత్తెర ఒళ్లో పెట్టుకుని తనివితీరా ఏడ్చింది. ఆయన చేసినవాటిలో ఆమె దాచుకున్నది ఆ ఒక్కటే. తండ్రిని తెచ్చి తనింట్లో పెట్టుకుని, గడ్డం గీసి, అన్నం కలిపి నోట్లో పెట్టి, ఆర్నెల్లుగా చాకిరీ చేస్తోందంటే ఆ కత్తెర చలవే.

సాధన మొదలుపెట్టిన నెలకి ఒంటి అంకెలు దారికొచ్చాయి. చిక్కంతా రెండంకెల కూడికలతోనే. ఏడూ ఎనిమిదీ పదిహేను, ఐదు కింద వేసి చేతిలో ఒకటి. ఈ మాట ప్రతి బళ్లోనూ ఉన్నదే. కానీ మాస్టారి క్లాసులో అది ఉత్తమాట కాదు. చేతిలో ఒకటి అన్నారంటే నిజంగా చేతిలో ఉండాలి. ఎడమ పిడికిలి బిగించి చూపుడువేలు నిలబెట్టాలి, పదుల వరుసలో దాన్ని కలిపేదాకా దించకూడదు. దించితే స్కేలు ఆ వేలి మీదే పడేది. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు యాభై ఏళ్లొచ్చినా సంతకాల దగ్గర, క్యూలలో, ఏదైనా కూడాల్సి వస్తే తెలియకుండానే వేలు నిలబెడతారు.

ఇప్పుడు మాస్టారి కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. ఎడమచేత్తో పెన్సిలు పట్టుకోవాలి. ఇక ఒకటిని పెట్టుకోవడానికి చెయ్యేదీ? ఐదు వేసి, ఆ ఒకటిని గాలికొదిలేసి, పదులు కలిపేవారు. రోజూ అదే తప్పు. చూసి చూసి, ఒకరోజు కూతురే నోటుపుస్తకం అంచున తన ఎడమచెయ్యి పెట్టి చూపుడువేలు నిలబెట్టింది. "మీ ఒకటి నా చేతిలో ఉంచండి నాన్నా." ఆయన ఆ వేలి వంక చూశారు, పెన్సిలు మొనతో దాన్ని ఒకసారి తాకారు, దాన్ని కూడా కలిపి రాశారు. సరిపోయింది. అప్పట్నుంచి పదికి ఆరు, ఏడు, ఒక్కోరోజు ఎనిమిది. షాపునుంచి ఆరింటికి వచ్చేసరికి ఆయన నోటుపుస్తకం తెరుచుకుని సిద్ధంగా ఉండేవారు. నిజం చెప్పొద్దూ, ఆమెకి ఆ గంట బాగుండేది. తండ్రి పక్కన భయం లేకుండా అంకెల ముందు కూర్చోవడం జన్మలో అదే మొదటిసారి.

ఒక సెలవురోజు మధ్యాహ్నం లెక్కలు నిండుకున్నాయి. పాత పుస్తకాలేమైనా ఉంటే వాడుకోమని థెరపీ అమ్మాయి చెప్పింది కదా అని, మాస్టారు కునుకు తీస్తుంటే, ఆయనతో పాటు వచ్చిన పాత బీరువా కింది అర తెరిచింది. హాజరు పట్టీలు, ప్రశ్నపత్రాల కట్టలు. అన్నిటికీ అడుగున ఆ ప్లాస్టిక్ కవరు.

అన్నేళ్లలో ఆమె దాన్ని చేత్తో పట్టుకున్నది లేదు. ఎప్పుడూ గ్లాసు పట్టుకుని దూరం నుంచి చూడ్డమే. బయటికి తీసింది. పదమూడేళ్ల పిల్ల గుండ్రటి రాత. పైన మూడు భాగాలకీ విడివిడిగా ఎర్రసిరాతో మార్కులు. మొదటి భాగం ఏడు, రెండో భాగం పన్నెండు, మూడో భాగం ఇరవై రెండు. వాటి కింద గీత, గీత కింద ముప్పై ఒకటి, చుట్టూ సున్నా.

ఆమె కూడింది. ఏడూ రెండూ తొమ్మిది, తొమ్మిదీ రెండూ పదకొండు. ఒకటి వేసి చేతిలో ఒకటి. ఒకటీ రెండూ మూడు, చేతిలో ఒకటి, నాలుగు. నలభై ఒకటి.

తనే ఎక్కడో పొరబడి ఉంటుందనుకుంది. మళ్లీ కూడింది. మూడోసారి కూడింది. అప్పటికీ ధైర్యం చాలక ఫోనులో నొక్కి చూసింది. ఫోను కూడా నలభై ఒకటే అంది. చేతిలో ఒకటి మర్చిపోయినందుకు ఎంతమంది పిల్లల వేళ్లు వాయగొట్టారో, ఆ మాస్టారే ఆ రోజు చేతిలో ఒకటి మర్చిపోయారు. లెక్కల మాస్టారు వేసిన కూడికని మళ్లీ కూడి చూసే మనిషెవరు?

నవ్వుతారో ఏమో గానీ, ముందు ఆమెకి జాలేసింది, అదీ ఆయన మీదే. ఇది తెలిస్తే ఈ మనిషి తట్టుకోలేరు, ఉన్న కాస్త ప్రాణమూ కుమిలిపోతుంది, చించేద్దాం అనుకుంది. చించడానికే కాగితం తిరగేసింది.

వెనక కింది మూల పెన్సిలుతో సన్నగా మూడు అంకెలు ఒకదాని కింద ఒకటి. ఏడు, పన్నెండు, ఇరవై రెండు. గీత. నలభై ఒకటి. నాలుగంకె తలని ఎడమకి వంచి రాసే ఆ రాత లోకంలో ఒక్కరిదే.

కాటా గుమాస్తా మాస్టారి దగ్గరికి వంగి గొణిగింది అదన్నమాట. జీవితమంతా బస్తాల బరువులు కూడుకున్న మనిషి కంటికి ఆ తప్పు తగిలింది. తల మీద చెయ్యి ఎందుకు వేశాడో ఇప్పుడు అర్థమైంది. ఆయన వెళ్లాక మాస్టారు తలుపేసుకుని కూడి చూసుకున్నారు. తెలుసుకున్నారు. తెలుసుకుని, బజారుకెళ్లి కత్తెర కొనుక్కొచ్చారు. ఆమెకప్పుడు పదహారే. అప్పటికేమీ మించిపోలేదు. మళ్లీ బడికి పంపొచ్చు. పోనీ పంపకపోయినా, బుర్ర లేనిదానివి కాదే తల్లీ అని ఒక్క మాట అనొచ్చు. కానీ అంటే న్యాయం మాస్టారు ఏమైపోతారు? రిటైరైన రోజు సభలో నలుగురు వక్తలూ ఆ కథే చెప్పారు. మూడో వరుసలో కూర్చున్న ఈమెను లేచి నిలబడమని చప్పట్లు కొట్టారు. వేదిక మీద మాస్టారు అన్నీ తెలిసి తల వంచుకుని కూర్చున్నారు. అందరూ దాన్ని వినయం అనుకున్నారు.

ఆ సాయంత్రం ఆమె మామూలుగానే టీ ఇచ్చింది. మామూలుగానే పది లెక్కలు రాసింది. పదో లెక్కగా ఏడు, పన్నెండు, ఇరవై రెండు వేసింది. ఆయన్ని నిలదియ్యాలని లేదు. ముప్పై మూడేళ్లుగా తన నెత్తిన కూర్చున్న ‘బుర్ర లేదు’ అనే మాటని ఎక్కించిన చేత్తోనే దింపించుకోవాలని ఉంది. అంతే.

తొమ్మిది లెక్కలూ మాస్టారు ఒక్క తప్పూ లేకుండా చేశారు. ఎప్పుడూ లేనిది ఆయన పెదవి చివర నవ్వులాంటిది కూడా కనిపించింది. పదోదానికి వచ్చారు. పెదవులు కదిలాయి. ఒకటి వేశారు. ఆమె నిలబెట్టిన వేలిని పెన్సిలు మొనతో తాకారు. నాలుగు వేశారు, దాని తల ఎడమకి వంచి.

నలభై ఒకటి.

పదికి పది. పెన్సిలు అక్కడే ఆగిపోయింది. మాస్టారి కళ్లు పైన అంకెల మీదికి వెళ్లాయి. ఏడు. పన్నెండు. ఇరవై రెండు. ఆమె కవరు తెచ్చి నోటుపుస్తకం పక్కన, వెనకవైపు పైకి వచ్చేలా పెట్టింది.

"ఈ పెన్సిలు రాత మీదే కదా నాన్నా?"

ఆయన చూడలేదు.

"కాటా గుమాస్తా వచ్చి వెళ్లిన రోజే తెలిసింది కదూ? కత్తెర తెచ్చింది అందుకేనా?"

కిటికీ అవతల వీధిలో ఎవరో షట్టరు దించుతున్నారు.

"నేనేమీ అడగట్లేదు. పోయినవి తెచ్చివ్వమనట్లేదు. ఒక్క మాట చాలు, అదీ మీకు బాగా వచ్చిన మాటే. టీకి అంటారు, చెప్పులకి అంటారు, రోజుకి యాభైసార్లు అంటారు. దీనికి ఒక్కసారి అనండి. తప్పు అనండి నాన్నా."

ఆమె వేలు ఇంకా దించలేదు, నోటుపుస్తకం అంచున అది అలాగే నిలబడి ఉంది.

మాస్టారు పెన్సిలు కింద పెట్టారు. చెయ్యి చాచారు. తన చేతి మీదికే వస్తోందనుకుంది ఆమె. ఆ చెయ్యి ఆమె వేలిని దాటి వెళ్లి రబ్బరు అందుకుంది. నలభై ఒకటిలో నాలుగుని జాగ్రత్తగా, కాగితం నలగకుండా చెరిపేశారు. పొడిని ఊదారు. పెన్సిలు తీసుకుని ఆ జాగాలో మూడు వేశారు.

అప్పుడు, ఈ ఆర్నెల్లలో ఎన్నడూ రానంత స్పష్టంగా మాట వచ్చింది. "ముప్పై ఒకటి."

నోటుపుస్తకం ఆమె వైపు జరిపారు, దిద్దమని.

ఆమె వేలు దించింది. ఎర్ర పెన్ను తీసుకుని తొమ్మిదింటికి రైటు కొట్టింది. పదోదాన్ని అడ్డంగా కొట్టేసి పక్కన నలభై ఒకటి వేసింది. పైన పదికి తొమ్మిది అని రాసి ఆయన ముందే ఉంచింది, బాగా కనబడేలా. తర్వాత వెళ్లి అన్నం కలుపుకొచ్చి, ముద్దలు చేసి నోట్లో పెట్టింది. ఆయన తిన్నారు. ఉప్పు తక్కువైందేమో, "తప్పు" అన్నారు.

మర్నాడు పొద్దున వచ్చిన థెరపీ అమ్మాయి నోటుపుస్తకం చూసి సంబరపడిపోయింది. "తొమ్మిదే! అదరగొట్టేశారు మాస్టారూ! అవునక్కా, ఇదీ తేలికే కదా, ఇదెలా పోయింది?"

"అదొక్కటీ మొదట్నుంచీ ఆయనకి రాదమ్మా" అంది కూతురు, సంచీ భుజానికి తగిలించుకుంటూ.

షాపులో ఆసుపత్రి ఆర్డరు సిద్ధంగా ఉంది, ఇరవై కిటికీలు, నీలం గుడ్డ. ఆమె మొదటి చీటీ చదివింది. పొడవు అయిదడుగులు, కిందా పైనా పదంగుళాలు. టేపు పరిచి కొలిచి సుద్దగీత పెట్టింది. అలవాటుగా టేపు మళ్లీ చేతికొచ్చింది. దాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

రెండోసారీ మూడోసారీ కొలవడానికి రోజుకి తక్కువలో తక్కువ పది నిమిషాలు. ఏడాదికి మూడొందల రోజులు పని. మూడువేల నిమిషాలు. ఇరవై ఎనిమిదేళ్లు. ఎనభై నాలుగు వేల నిమిషాలు. గంటల్లోకి మారిస్తే పద్నాలుగు వందలు. ఆ పేపరు మీద ఆయన చెరిపెయ్యని ఒక్క అంకె కోసం పద్నాలుగు వందల గంటలు ఈ బల్ల దగ్గర నిలబడింది తను.

"ఏంటక్కా, ఆగిపోయావ్?" అన్నాడు షాపాయన. "ఇంకా రెండు కొలతలు బాకీ ఉన్నావు కదా?"

"లేవు" అంది.

టేపు మెడలో వేసుకుని, సంచీలోంచి ఆ ఉక్కు కత్తెర తీసింది. పద్నాలుగు వందలు సరిగ్గానే వచ్చిందా అని మళ్లీ వేసి చూసుకోలేదు. గీత మీద కత్తెర ఆనించి, ఈ చివరనుంచి ఆ చివరకి కోసేసింది.